ముగ్గురాయి సీమలో చిన్న పడవ: ఎంత మోటారు, ఏ రేవు?

మంగంపేట అనగానే ముగ్గురాయి గుర్తొస్తుంది. ఉమ్మడి కడప జిల్లాలో, రైల్వే కోడూరుకు దగ్గరలో, ఓబులవారిపల్లె మండలంలో ఉన్న ఈ గనుల్లోని బెరైటీస్ నిక్షేపం ఒకేచోట ఉన్నవాటిలో ప్రపంచంలోకెల్లా పెద్దది. ఇక్కడి రాయి పొడిగా మారి, చమురు బావులు తవ్వేచోట బురదను బరువెక్కించడానికి దేశదేశాలకూ పోతుంది. గనుల గుంతలు, లారీల బారులు, ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుక తేలి కనిపించే చెయ్యేరు. ఈ ఊరి పేరు పక్కన పడవ మాట ఎవరికీ తోచదు.

అయినా మంగంపేట నుంచి ఒక పూట ప్రయాణంలో ఎంత నీరుందో చూడండి. ఉత్తరాన పెన్న మీద 78 టీఎంసీల సోమశిల ఉంది. ఆనకట్ట నెల్లూరు జిల్లాలో ఉన్నా, దాని వెనుక నీళ్లు ఒంటిమిట్ట, అట్లూరు, గోపవరం వైపు కడప పల్లెల దాకా పరుచుకుంటాయి. వాయవ్యాన బ్రహ్మంసాగర్, జమ్మలమడుగు దగ్గర మైలవరం, దాని ఎగువన దాదాపు 27 టీఎంసీల గండికోట ఉన్నాయి. ఇంకా పైకి పోతే శ్రీశైలం జలాశయం. మన తాతలు కరువు కథలు చెప్పుకున్న నేల మీద ఇవాళ ఇంత నీరు నిలుస్తోంది. చేపలు పట్టేవాళ్లు పుట్టిలో, తెప్పలో, ఫైబర్ పడవలో దాని మీద బతుకుతున్నారు. పదీ పన్నెండు అడుగుల చిన్న పడవ కొనుక్కుని, ఒక మోటారు తగిలించి, ఇంటివాళ్లతో ఒక పూట నీళ్ల మీద తిరగాలన్న కోరిక కూడా ఇక్కడ పుట్టడం సహజమే.

ఆ కోరిక ఉన్నవాళ్లు ముందు అడిగేది "ఎన్ని హార్స్‌పవర్ల మోటారు కొనాలి?" అని. దానికి జవాబు దొరకాలంటే సీమ నీళ్ల గురించి రెండు సంగతులు మనసులో పెట్టుకోవాలి. మొదటిది, ఈ నీటిమట్టం నిలకడగా ఉండదు. వానాకాలానికీ వేసవికీ మధ్య పదుల అడుగులు దిగిపోతుంది. రెండోది, ఇది తాగే నీరు. మోటారు ఎంపికైనా రేవు ఎంపికైనా ఈ రెంటికీ లోబడే సాగాలి.

రాయి బరువు, పడవ మునక

మంగంపేట రాయితోనే మొదలుపెడదాం. మామూలు గ్రానైటు ఒక లీటరు పరిమాణంలో 2.7 కిలోలు తూగితే, ముగ్గురాయి దాదాపు 4.4 కిలోలు తూగుతుంది. నీళ్లలో ముంచిన ఏ వస్తువైనా తాను పక్కకు నెట్టిన నీటి బరువంత తేలికవుతుందని ఆర్కిమెడిస్ చెప్పాడు. పది కిలోల గ్రానైటు రాయి నీళ్లలో 6.3 కిలోలుగా, పది కిలోల కాంక్రీటు దిమ్మ 5.8 కిలోలుగా తూగుతాయి. పది కిలోల ముగ్గురాయి మాత్రం 7.7 కిలోల బరువు నిలుపుకుంటుంది. బావి బురదను బరువెక్కించడానికి దీన్నే ఎందుకు వాడతారో ఈ లెక్కలోనే ఉంది.

రాయిని ముంచే సూత్రమే పడవను తేలుస్తుంది. పన్నెండు అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు ఉన్న చిన్న పడవ నీటిమీద ఆక్రమించే చోటు సుమారు మూడు చదరపు మీటర్లు. కాబట్టి ప్రతి 30 కిలోల బరువుకూ పడవ ఒక సెంటీమీటరు దిగుతుంది. ఇద్దరు పెద్దవాళ్లు ఎక్కితే నాలుగైదు సెంటీమీటర్లు దిగుతుంది, అంతే. అంచు నీటికి 40 సెంటీమీటర్ల ఎత్తున ఉన్న పడవకు ఇది పెద్ద లెక్క కాదు.

అసలు చిక్కు బరువు ఎంత అన్నదాంట్లో కన్నా ఎక్కడ అన్నదాంట్లో ఉంది. ఔట్‌బోర్డ్ మోటారు పడవ వెనుకపలకకు వేలాడుతుంది. నడిపే మనిషి కూడా దాని పక్కనే కూర్చుంటాడు. ఐదారు హార్స్‌పవర్ల మోటారు 25 కిలోలకు పైనే ఉంటుంది. పెట్రోలు క్యాను, మనిషి కలిస్తే వంద కిలోలు ఒక కొసకే చేరతాయి. వెనుక దిగి, ముక్కు లేచిపోతుంది. గాలి ఆ లేచిన ముక్కును పట్టుకుని పడవను పక్కకు తిప్పుతుంది. వెనుక నుంచి వచ్చే చిన్న అల కూడా లోపలికి దూకుతుంది. అందుకే చిన్న పడవకు మోటారు చూసేటప్పుడు బలం కంటే ముందు బరువు చూడాలి. ఉన్న బరువులో బ్యాటరీ, నీళ్ల డబ్బా, సామాన్ల సంచి వంటివి ముందు భాగానికి జరపాలి. మోటారు పిడికి పొడుగు గొట్టం తగిలిస్తే నడిపేవాడు కూడా పడవ మధ్యకు జరిగి కూర్చోవచ్చు.

వేగానికి నీరు పెట్టిన హద్దు

ఎక్కువ బలమున్న మోటారు పెడితే ఎక్కువ వేగం వస్తుందన్నది రోడ్డు మీద అలవాటైన ఆలోచన. నీటిలో అది కొంతవరకే చెల్లుతుంది.

పడవ కదిలితే ముక్కు దగ్గర ఒక అల పుడుతుంది. పడవ వేగం పెరిగేకొద్దీ ఆ అల పొడవు పెరుగుతుంది. ఒక దశలో అల పొడవు పడవ పొడవుతో సమానమవుతుంది. అంతకు మించి పోబోతే ముక్కు ఒక అల శిఖరం మీద, వెనుక భాగం దాని పల్లంలోకి జారుతూ, పడవ తాను పుట్టించిన గట్టునే తాను ఎక్కవలసి వస్తుంది. ఈ సంగతిని 1870లలో ఇంగ్లండులో విలియం ఫ్రూడ్ నీటితొట్టిలో నమూనా పడవలు లాగించి తేల్చాడు. ఆ హద్దు వేగాన్ని లెక్కకట్టే పద్ధతి తేలికే. నీటిలో ఆనుకున్న పడవ పొడవును అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే వేగం నాట్లలో వస్తుంది. తొమ్మిది అడుగులకు అది నాలుగు నాట్లు, అంటే గంటకు 7.4 కిలోమీటర్లు. పదకొండు అడుగులకు 8.2 కిలోమీటర్లు. ఈ హద్దు దాటి, నీటిని చీల్చడం మాని నీటిమీద జారిపోవాలంటే తేలికైన చదును అడుగు పడవ, పది హార్స్‌పవర్ల వరకూ బలం కావాలి. కుటుంబంతో తాపీగా తిరిగే పడవకు ఆ దారి అక్కర్లేదు.

హద్దుకు లోపల కూడా ఒక కఠినమైన లెక్క పనిచేస్తుంది. నీటి నిరోధం సుమారుగా వేగం వర్గంతో పెరుగుతుంది. బలం అంటే నిరోధం, వేగం రెంటి గుణింతం. కాబట్టి కావలసిన బలం వేగం ఘనంతో పెరుగుతుంది. వేగం రెట్టింపు చేయాలంటే బలం ఎనిమిది రెట్లు కావాలి. దీన్ని బ్యాటరీ మీద చూడండి. వాడుకోదగ్గ కరెంటు ఒక యూనిట్ ఉందనుకుందాం. మోటారు 250 వాట్లు లాగుతూ గంటకు 4.5 కిలోమీటర్ల వేగంతో పోతే, నాలుగు గంటల్లో 18 కిలోమీటర్లు తిరగవచ్చు. తొందరపడి 500 వాట్లకు పెంచితే వేగం 5.7 కిలోమీటర్లకు మాత్రమే చేరుతుంది. బ్యాటరీ రెండు గంటల్లో అయిపోయి పదకొండు కిలోమీటర్ల దగ్గరే ఆగిపోతారు. ఖర్చు రెట్టింపైంది, వేగం నాలుగో వంతు పెరిగింది, చేరే దూరం మూడో వంతుకు పైగా తగ్గింది.

ఒక మనిషి నిలకడగా తెడ్డు వేస్తే నీటికి అందే బలం 75 నుంచి 100 వాట్లు. తరతరాల జాలర్లు ఆ బలంతోనే కృష్ణనూ తుంగభద్రనూ దాటారు. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు. చిన్న పడవకు నిజంగా ఎంత తక్కువ సరిపోతుందో దీన్నిబట్టే తెలుస్తుంది.

రెక్కలు చేసే పని

మోటారు ఇచ్చిన బలాన్ని తోపుగా మార్చేది ప్రొపెల్లర్. అది నీటిని వెనక్కి నెడుతుంది, నీరు పడవను ముందుకు నెడుతుంది. ఒకే తోపును రెండు రకాలుగా పుట్టించవచ్చు. కొద్ది నీటిని వేగంగా విసరవచ్చు, ఎక్కువ నీటిని నెమ్మదిగా తోయవచ్చు. తోపు నీటి వేగంతో పెరుగుతుంది. అయితే ఆ నీటికి ధారపోసే శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది. అందువల్ల పెద్ద రెక్కలు నెమ్మదిగా తిరగడమే లాభం.

రెక్కల వాలును పిచ్ అంటారు. ఒక చుట్టుకు ప్రొపెల్లర్ ఎన్ని అంగుళాలు ముందుకు సాగాలో అది చెబుతుంది. బరువైన నెమ్మది పడవకు తక్కువ పిచ్ ఉన్న రెక్కలు కావాలి. ఎత్తు ఎక్కే సైకిలుకు చిన్న గేరు వేసినట్టే. కొన్ని కంపెనీలు ఒకే మోటారుకు వేగం రెక్కలు, తోపు రెక్కలు అని విడివిడిగా ఇస్తాయి. మనం రెండోదే అడగాలి.

పెట్రోలా, కరెంటా?

నార్వే నుంచి అమెరికాకు వలస వెళ్లిన ఓలె ఎవిన్‌రూడ్ 1909లో మిల్వాకీ నగరంలో ఔట్‌బోర్డ్ మోటారును అమ్మకానికి పెట్టాడు. దాని బలం 1.5 హార్స్‌పవర్, బరువు 62 పౌన్లు, అంటే 28 కిలోలు. పడవలో ఏ మార్పూ చేయకుండా తగిలించి, పనైపోగానే విప్పి ఇంటికి తీసుకుపోవడం ఆ రోజుల్లో గొప్ప సౌకర్యం. ఇవాళ 2.5 హార్స్‌పవర్ల ఫోర్‌స్ట్రోక్ మోటారు 13 నుంచి 17 కిలోల్లో వస్తోంది.

మన కోస్తాలో కథ మరోలా నడిచింది. 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రాం తూర్పు తీరపు ఇసుక ఒడ్డుల మీదికి లాగగలిగే పడవల మీద పరిశోధన చేసింది. తరవాత తెప్పల స్థానంలో ఫైబర్ బోట్లు వచ్చాయి. వాటిలో చాలావాటికి డీజిలు ఇంజను, పొడవాటి షాఫ్టు ఉంటాయి. రోజూ సముద్రంలోకి పోయి వేట చేసుకొచ్చే బోటుకు అది తగిన ఏర్పాటు. ఆ బరువు, ఆ మోత, ఆ డీజిలు జలాశయంలో తిరిగే కుటుంబ పడవకు వద్దు.

సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరికే పాత టూస్ట్రోక్ మోటారు చాలామందిని ఆకర్షిస్తుంది. తేలిక, బలం ఎక్కువ, రిపేరు సులువు. అయినా దాని పనితీరులోనే ఒక లోపముంది. కాలిన పొగ బయటికి పోయే దారీ, కొత్త పెట్రోలు లోపలికి వచ్చే దారీ ఒకేసారి తెరుచుకుంటాయి. పోసిన పెట్రోల్లో నాలుగో వంతు దాకా, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ, కాలకుండానే నూనెతో కలిసి నీళ్లలోకి పోతుంది. నెల్లూరు, కడప, కర్నూలు ప్రజల గొంతు తడిపే నీళ్లివి. ఒక బిందె కోసం మైళ్లు నడిచిన తల్లుల సీమ ఇది. ఈ నీళ్లలో పెట్రోలు కలిపే హక్కు సరదా కోసం తిరిగే ఎవరికీ లేదు. పాత టూస్ట్రోక్‌ను సీమ జలాశయంలో దింపకూడదని నేను గట్టిగా చెబుతాను.

మిగిలినవి రెండు. ఫోర్‌స్ట్రోక్ పెట్రోలు మోటారు, బ్యాటరీ మోటారు. 2.5 హార్స్‌పవర్ల ఫోర్‌స్ట్రోక్ పూర్తి వేగంతో నడిస్తే గంటకు సుమారు లీటరు తాగుతుంది. సగం వేగంతో పోతే అందులో కొంత భాగం చాలు. ఒక లీటరు పెట్రోల్లో తొమ్మిది యూనిట్ల దాకా శక్తి ఉన్నా, వేడిగా పోయినది పోగా పడవను తోసేది పదో వంతు. బ్యాటరీ మోటారు తనకు అందిన కరెంటులో నలభై శాతం దాకా తోపుగా మార్చగలదు. అంటే లీటరు పెట్రోలు చేసే పనికి సుమారు రెండు యూనిట్ల బ్యాటరీ కావాలి. 12 ఓల్టులు, 100 ఆంపియర్ అవర్ల లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీలో 1.2 యూనిట్లు ఉంటాయి, బరువు పన్నెండు కిలోల చుట్టుపక్కల ఉంటుంది. అంతే సామర్థ్యమున్న లెడ్ యాసిడ్ బ్యాటరీ ముప్పై కిలోలకు దగ్గరగా తూగుతుంది. పైగా అది ఎక్కువ కాలం మన్నాలంటే అందులో సగమే వాడుకోవాలి.

సీమకు కరువు లేనిది ఎండ. 200 వాట్ల సోలార్ పలక మంచి ఎండలో రోజుకు ముప్పావు యూనిట్ పైగా ఇస్తుంది. పడవ మీద నీడకోసం వేసే పందిరే పలకైతే రెండు పనులూ తీరుతాయి, గాలి రోజుల్లో మడిచి దించే వీలు మాత్రం ఉండాలి. బ్యాటరీని ఎండలో కాల్చకండి. నలభై డిగ్రీల వేడిలో దాని ఆయుష్షు వేగంగా తరుగుతుంది.

ఒక పూటలో పది కిలోమీటర్ల లోపు తిరిగేవాళ్లకు, ఒడ్డును ఆనుకుని పోయేవాళ్లకు బ్యాటరీ మోటారే సరైనది. మోత లేదు, పొగ లేదు, నీటికి హాని లేదు. అంతకంటే దూరం పోవాలన్నా, విశాలమైన జలాశయాన్ని అడ్డంగా దాటాలన్నా 2.5 నుంచి 4 హార్స్‌పవర్ల ఫోర్‌స్ట్రోక్ తీసుకోండి. ఏది కొన్నా పడవలో రెండు తెడ్లు ఉండి తీరాలి.

ముంపు ఊళ్ల మీద నడక

సముద్రపు పడవకు లేని ప్రమాదం సీమ జలాశయంలో ఒకటుంది. ఈ నీళ్ల కింద ఊళ్లున్నాయి. గండికోట నింపినప్పుడు తాళ్లప్రొద్దుటూరు మునిగింది. సోమశిల వెనుక నీళ్లలో కడప జిల్లా పల్లెలు ఎన్నో పోయాయి. శ్రీశైలం కింద మునిగిన ఊళ్ల మనుషులు ఇప్పటికీ తమ పాత ఇంటి దిక్కు చూపిస్తారు. నీళ్ల అడుగున మొండిగోడలు, గుడి స్తంభాలు, కరెంటు స్తంభాలు, మోటుబావుల ఒరలు, ఎండిపోయిన చెట్లు నిలబడే ఉంటాయి.

కృష్ణ ఒడ్డున ఉన్న సంగమేశ్వరం చూడండి. శ్రీశైలంలో నీటిమట్టం 840 అడుగుల చుట్టుపక్కలకు దిగితే గుడి బయటపడుతుంది. నిండుగా ఉన్నప్పుడు పడవకు దానివల్ల హాని లేదు. బయటపడినప్పుడు కంటికి కనబడుతుంది కాబట్టి తప్పించుకోవచ్చు. శిఖరం ఒకటి రెండు అడుగుల లోతులో దాగిన రోజులే ప్రమాదం. మునిగిన ప్రతి గోడకూ అలాంటి మట్టం ఒకటి ఉంటుంది. అందుకే కొత్త చోటికి పోయేముందు అక్కడి జాలర్లను అడగండి. ఊరు ఎక్కడుండేదో, ఏ దిబ్బ ఏ మట్టానికి తేలుతుందో వాళ్లకు తెలిసినంత ఏ పటమూ చెప్పదు.

మోటారు కొనేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకుంటే కొన్ని నిర్ణయాలు తేలికవుతాయి. షాఫ్టు పొడవు సాధారణంగా 15 అంగుళాలు, 20 అంగుళాలు అని రెండు రకాలు. పడవ వెనుకపలక ఎత్తు కొలిచి దానికి సరిపడేదే కొనాలి. ప్రొపెల్లర్ పైన ఉండే అడ్డపలక పడవ అడుగుకు సమంగా గానీ, ఒక అంగుళం కిందికి గానీ ఉండాలి. షాఫ్టు పొట్టిదైతే రెక్కలు గాలిని లోపలికి పీల్చి ఉత్తినే తిరుగుతాయి. పొడవైతే ప్రతి రాయికీ తగులుతాయి.

చాలా చిన్న మోటార్లలో ప్రొపెల్లర్‌ను షాఫ్టుకు కలిపేది ఒక మెత్తటి లోహపు పిన్ను. రెక్క రాయికి కొట్టుకుంటే ఆ పిన్ను తెగి గేర్లను కాపాడుతుంది. అది తెగడానికే పెట్టింది. కాబట్టి రెండు మూడు పిన్నులు, ఒక కటింగ్ ప్లయరు డబ్బాలో ఎప్పుడూ ఉండాలి. నీటితో చల్లబడే మోటారు వెనుక నుంచి సన్నటి ధార పడుతుంది. ఇంజను వేయగానే చూడవలసింది దాన్నే. ధార ఆగితే ఇంజను ఆపాలి. కొత్తగా వరద వచ్చిన ఎర్రనీళ్లలో ఒండ్రు పంపు రబ్బరు రెక్కలను అరగదీస్తుంది. గాలితో చల్లబడే చిన్న మోటార్లకు ఈ బెడద లేదు, మోత మాత్రం ఎక్కువ.

జాలర్ల వలల పక్కన మోటారు ఆపి తెడ్డు వేయండి. బుడగలు వరసగా తేలుతుంటే వాటి కింద ఒక కుటుంబం రేపటి సంపాదన ఉంది.

రేవు జరుగుతూ ఉంటుంది

ఇప్పుడు పడవ దింపే చోటు. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు. వేసవిలో అది 820 అడుగుల లోపుకు జారిన ఏళ్లున్నాయి. ఆ తేడా 65 అడుగులు. ఒడ్డు వంద అడుగులకు ఒక అడుగు చొప్పున వాలిన చోట, 65 అడుగులు మట్టం దిగితే నీటి అంచు 6500 అడుగులు, అంటే దాదాపు రెండు కిలోమీటర్లు వెనక్కి పోతుంది. సెప్టెంబరులో కారు ఆపి పడవ దింపిన చోటు ఏప్రిల్ నాటికి పగుళ్లిచ్చిన నల్లమట్టి మైదానం అవుతుంది. అందుకే సీమలో ఒక్క రేవు పేరు తెలిస్తే చాలదు, ఆ రేవు ఏ మట్టం నుంచి ఏ మట్టం దాకా పనికొస్తుందో తెలియాలి. జలాశయాల మట్టాలు ఏ రోజుకారోజు పత్రికల్లో అడుగుల్లో వస్తూనే ఉంటాయి. దింపిన ప్రతిసారీ ఆ అంకెను, ఒడ్డు తీరును నోటుపుస్తకంలో రాసుకుంటే రెండేళ్లలో మీదైన రేవుల పట్టిక తయారవుతుంది.

మంచి రేవుకు గుర్తులు నాలుగు. ఏడెనిమిది అడుగులకు ఒక అడుగు దిగే వాలు ఉండాలి. అంతకంటే చదునైతే ట్రైలరు చాలా లోపలికి పోవాలి, నిటారైతే బండి మళ్లీ పైకి ఎక్కదు. అడుగున రాతినేల గానీ గరుసు గానీ ఉండాలి. నల్లరేగడి తడిస్తే చక్రం మింగేస్తుంది, పైన ఎండి గట్టిపడినట్టు కనిపించే చోట కూడా జానెడు కింద బురద ఉంటుంది. ముందు మనిషి నడిచి చూశాకే బండి పోవాలి. గాలి నుంచి చాటు ఉండాలి. ఊరివాళ్ల నీళ్ల రేవుకూ పశువుల రేవుకూ దూరంగా ఉండాలి.

ఈ గుర్తులతో చూస్తే మన జలాశయాలు ఒక్కోటి ఒక్కో రకం. గండికోట లోయ అందం చూసి అక్కడే దింపాలనిపిస్తుంది. ఆ నిలువు బండల మధ్య గాలి తోసుకొస్తే పడవ లాగడానికి ఒడ్డే దొరకదు. అక్కడ పర్యాటక శాఖ అనుమతించిన చోటు నుంచే, వాళ్ల నియమాల ప్రకారమే పోవాలి. కొత్తగా నేర్చుకునేవాళ్లకు మైలవరం వంటి చిన్న జలాశయం మేలు. సోమశిల వెనుక నీళ్లు విశాలం, వాలు తక్కువ, కాబట్టి మట్టం బాగా ఉన్న నెలల్లోనే అనుకూలం. ఆ చుట్టుపక్కల లంకమల, పెనుశిల అభయారణ్యాలున్నాయి. లంకమల ముళ్లపొదల్లోనే, అంతరించిందనుకున్న కలివికోడి 1986లో మళ్లీ కనిపించింది. రేవు కోసం ఆ పొదల్లో కొత్త బండిదారి వేయడం నేరమూ, పాపమూ. శ్రీశైలం జలాశయంలో చాలాభాగం పులుల అభయారణ్యాన్ని ఆనుకుని ఉంది, నీళ్లలో మొసళ్లున్నాయి. అటవీ శాఖ అనుమతి లేకుండా అక్కడ ఒడ్డు చేరకూడదు.

కర్నూలు–కడప కాలువ మీద పడవ వేస్తే ఎలా ఉంటుందని చరిత్ర తెలిసినవాళ్లు అడగవచ్చు. 1863–70 మధ్య ఒక ప్రైవేటు కంపెనీ తవ్విన ఆ కాలువ సాగుకూ పడవలకూ అని ఉద్దేశించినదే. కంపెనీ నిలదొక్కుకోలేక 1882లో ప్రభుత్వం కొనేసింది. ఇవాళ అది సాగు కాలువ. ఏటవాలు గట్లు, తూముల లాగుడు, ఎక్కి రావడానికి మెట్టు లేని చోట్లు. చిన్న పడవకు కాలువలు పనికిరావు.

ఆనకట్టకు దిగువన నదిలో ఎప్పుడూ దింపకండి. గేట్లు ఎత్తితే నిమిషాల్లో నీరు వచ్చిపడుతుంది. ఆనకట్టకు ఎగువన గేట్ల దగ్గరికి కూడా పోకూడదు. మంగంపేట చుట్టుపక్కలవాళ్లకు నీటి బలం గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు. 2021 నవంబరు 19న చెయ్యేరు వరదకు రాజంపేట దగ్గరి అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి, పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట వంటి ఊళ్లను ముంచేసింది. ఈశాన్య రుతుపవనాల్లో ఇక్కడి ఏరు ఒక్క రాత్రిలో మారిపోతుంది.

గాలి, లంగరు

గాలి తోపు దాని వేగం వర్గంతో పెరుగుతుంది. ఇద్దరు కూర్చున్న చిన్న పడవ గాలికి 1.2 చదరపు మీటర్ల అడ్డు నిలుస్తుందనుకుంటే, గంటకు 18 కిలోమీటర్ల గాలి దాన్ని రెండు కిలోల బలంతో కూడా నెట్టదు. గాలి 36 కిలోమీటర్లకు పెరిగితే ఆ బలం ఏడు కిలోలు దాటుతుంది. 30 పౌన్ల తోపున్న చిన్న బ్యాటరీ మోటారు నిలబడి ఇచ్చేదే 13.6 కిలోలు. అందులో సగం గాలికే పోతుంది. 55 పౌన్ల మోటారైతే 25 కిలోలు ఇస్తుంది కాబట్టి కొంత మిగులుతుంది. బ్యాటరీ మోటారు ఎంచుకునేవాళ్లు వేగం కోసం కాకుండా ఈ గాలి కోసం పెద్దది తీసుకోవాలి. అదే గాలి మూడు కిలోమీటర్ల నీటి మీద వీస్తే అడుగు ఎత్తు అలలు లేస్తాయి. నలభై సెంటీమీటర్ల అంచున్న పడవకు అది చాలు.

జూన్ నుంచి ఆగస్టు దాకా సీమలో పడమటి గాలి గట్టిగా వీస్తుంది. ఏప్రిల్, మే నెలల సాయంత్రాల్లో ఈదురుగాలి చెప్పకుండా వస్తుంది. మట్టం బాగా ఉండి, గాలి నెమ్మదించే డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా చిన్న పడవకు మంచి కాలం. అప్పుడు కూడా పొద్దున్నే బయలుదేరి మధ్యాహ్నానికి ఒడ్డు చేరాలి. పోయేటప్పుడు గాలికి ఎదురు పోయి, వచ్చేటప్పుడు గాలి వాలున తిరిగివచ్చేలా రేవు ఎంచుకోవాలి. బలం తగ్గిన బ్యాటరీకి గాలి సాయం అప్పుడే కావాలి.

మోటారు ఆగిన పడవను నిలిపేది లంగరు. బురద అడుగున కొక్కెమున్న లంగరే పట్టు ఇస్తుంది, ఉత్త రాయి జారిపోతుంది. లంగరు తాడు నీటి లోతుకు ఐదు రెట్లు వదలాలి. తాడు పైకి లాగకుండా అడ్డంగా లాగేలా చూసేది ఆ నిడివే. కొక్కెం దగ్గర తాడుకు చిన్న ముగ్గురాయి ముక్క కడితే తాడు ఇంకా అడుగుకు ఆనుతుంది. నీళ్లలో బరువు తక్కువ కోల్పోయే రాయి ఇక్కడ అక్కరకొస్తుంది.

చట్టం, ప్రాణం

1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం వచ్చింది. యంత్రంతో నడిచే పడవకు సర్వే, రిజిస్ట్రేషన్, బీమా కావాలని అది చెబుతుంది. జలాశయంలో దింపడానికి జలవనరుల శాఖ అనుమతి, అడవి అంచున అటవీ శాఖ అనుమతి తీసుకోవాలి. మోటారు కొనకముందే ఈ దారి తెలుసుకోండి. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర మునిగిన బోటు సుమారు యాభై మందిని పొట్టన పెట్టుకుంది. నీళ్ల మీద నియమాలు కాగితాల కోసం పుట్టినవి కావు.

నీళ్లు కొత్తైన సీమలో ఈత రానివాళ్లే ఎక్కువ. అందుకని పడవ ఎక్కే ప్రతి ఒక్కరికీ, పసిపిల్లలకు వాళ్ల కొలతకు తగ్గ లైఫ్‌జాకెట్ ఒంటి మీద ఉండాలి, పడవలో దాచి ఉంచితే లాభం లేదు. మోటారును ఆపే తాడు నడిపేవాడి మణికట్టుకు కట్టి ఉండాలి. నీళ్లలో పడిన మనిషిని వదిలి పడవ పోకుండా చూసేది అదే. ఎవరు పోతున్నారో, ఎప్పటికి వస్తారో ఒడ్డు మీద ఒకరికి చెప్పి వెళ్లాలి.

ఇన్ని లెక్కలూ కలిపి చూస్తే నా తీర్పు ఇది. సీమ జలాశయంలో పదీ పన్నెండు అడుగుల పడవకు 55 పౌన్ల బ్యాటరీ మోటారు, లేదా మూడు హార్స్‌పవర్ల చుట్టుపక్కల ఫోర్‌స్ట్రోక్ చాలు. అంతకు మించినది డబ్బు, బరువు, ప్రమాదం. మిగిలిన డబ్బుతో లైఫ్‌జాకెట్లు కొనండి, పిల్లలకు ఈత నేర్పించండి. దింపేముందు ఆ రోజు నీటిమట్టం చూడండి, జాలరి మాట వినండి. ఎన్నో తరాలు ఎదురుచూసిన తరవాత సీమకు చేరిన నీరిది. దాని మీద తిరగండి, ఒక్క చుక్క నూనె కూడా అందులో వదలకుండా తిరిగి రండి.